నాభి తీగ ఎక్కడికి పోయింది?

"వానాకాలమంతా కంచె మీద పాకింది, దసరాకు ఎర్రగా విరబూసింది. సంక్రాంతి వచ్చేసరికి ఆనవాలు లేకుండా పోయింది. నీళ్ళు పోస్తూనే ఉన్నాం, అయినా ఎండిపోయింది. ఇక చచ్చిపోయినట్టేనా?"

అడవినాభిని ఇంట్లో పెంచడం మొదలుపెట్టినవాళ్ళు మొదటి ఏడాది చివర అడిగే ప్రశ్న ఇది. జవాబు కోసం ఆగనివాళ్ళు కుండీలో మట్టి గుమ్మరించి ఇంకో మొక్క పెట్టేస్తారు. ఆ మట్టిలో దుంప ఒకటి గట్టిగా, ప్రాణంతో ఉందని చూసుకోరు. ఇంకొందరు మొక్క మీద ప్రేమ కొద్దీ, ఎండుతోంది కదా అని రెండు చెంబులు ఎక్కువే పోస్తారు. దుంప కుళ్ళిపోతుంది. తీగ ఎండినప్పుడు బతికే ఉన్న మొక్క, ఆ తరువాత పోసిన నీళ్ళకు చస్తుంది.

అందుకే జవాబు ముందే చెప్పేస్తాను. చావలేదు. పైన కనిపించే తీగను, ఆకును, పువ్వును వదిలించుకుని నేల కిందికి వెళ్ళింది. నాభి ఏటా చేసే పనే ఇది. ఎందుకు చేస్తుందో తెలిస్తే పెంపకంలో సగం మెళకువ తెలిసినట్టే. మిగతా సగం దాని విషానికి సంబంధించినది. దాన్నీ ఈ అధ్యాయంలోనే దాచకుండా చెప్పుకుందాం.

మన కంచెల మీది పువ్వు

అడవినాభి అన్నా, పొత్తిదుంప అన్నా, కలప్పగడ్డ అన్నా ఒకటే మొక్క. సంస్కృతంలో లాంగలి, అగ్నిశిఖ అంటారు. 1753లో లిన్నేయస్ దీన్ని గ్లోరియోసా సుపర్బా అన్న పేరుతో తన జాబితాకెక్కించాడు. నర్సరీల్లో గ్లోరీ లిల్లీ అని అడిగితే చూపిస్తారు. పాత వృక్షశాస్త్ర పుస్తకాల్లో ఇది లిల్లీల కుటుంబంలోనే ఉండేది. ఇప్పుడు కాల్చికేసీ అన్న వేరే కుటుంబంలో చేర్చారు. ఐరోపా పచ్చికబయళ్ళలో శరదృతువులో పూసే కాల్చికమ్ అన్న మొక్క దీనికి దగ్గరి చుట్టం. ఆ చుట్టరికం సంగతి విషం గురించి మాట్లాడుకునేటప్పుడు మళ్ళీ వస్తుంది.

ఆఫ్రికా ఉష్ణ ప్రాంతాల నుంచి భారతదేశం, శ్రీలంకల మీదుగా ఆగ్నేయాసియా దాకా ఈ మొక్క సహజంగా పెరుగుతుంది. జింబాబ్వేకు ఇది జాతీయ పుష్పం. తమిళనాడుకు రాష్ట్ర పుష్పం. మన వైపు తూర్పు కనుమల పొదల్లో, నల్లమల అంచుల్లో, చేల గట్ల మీది ముళ్ళకంచెల్లో, సముద్రం ఒడ్డున ఇసుక నేలల్లో కనిపిస్తుంది. ఎవరూ నాటరు, ఎవరూ నీళ్ళు పెట్టరు.

అడవికీ ఇసుక దిబ్బకీ పోలికేమిటని అనిపించవచ్చు. రెండు చోట్లా వాన కురిసిన కాసేపటికే నీరు కిందికి దిగిపోతుంది. రెండు చోట్లా ఎక్కడానికి ఏదో ఒక పొద దొరుకుతుంది. ఏడాదిలో కొన్ని నెలలే తడి, మిగతా నెలలు నేల పొడిగా పడి ఉంటుంది. పెరట్లో నాభికి మనం కల్పించవలసినవి ఈ మూడే. మొదటి రెండూ అందరూ ఇష్టంగానే చేస్తారు. మూడోది, అంటే ఎండబెట్టడం, చేతులు రాక మానేస్తారు.

నేల కింద పాతర

మొక్కలను పువ్వును బట్టి, కాయను బట్టి వర్గీకరించడం మనకు తెలుసు. 20వ శతాబ్దం మొదట్లో క్రిస్టెన్ రౌన్‌కియర్ అనే డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు ఇంకో ప్రశ్న వేశాడు. కరువు రోజులు, చలి రోజులు వచ్చినప్పుడు ఈ మొక్క తన మొగ్గను ఎక్కడ దాచుకుంటుంది? ఆ ఒక్క ప్రశ్నతో ప్రపంచంలోని మొక్కలన్నిటినీ కొద్ది గుంపులుగా విడదీశాడు.

మన బతుకమ్మ పూలతోనే ఆ లెక్క చూడవచ్చు. తంగేడు పొద. దాని మొగ్గలు ఎండాకాలంలో కూడా కొమ్మల మీదే, గాలిలోనే ఉంటాయి. గునుగు ఏకవార్షికం. అది మొగ్గను దాచుకోదు, గింజలు రాల్చి తాను చచ్చిపోతుంది. నాభి ఈ రెండూ చేయదు. మొగ్గను మట్టిలోకి దించి, దాని పక్కనే తిండి పెట్టుకుని, పైనున్నదంతా రాల్చేస్తుంది. ఇలాంటి వాటిని జియోఫైట్లు అన్నారు. మనం నేలమొగ్గ మొక్కలు అనుకుందాం. కంద, పసుపు, చేమ ఈ జాతివే. పసుపు ఆకు పండి వాలిపోతే రైతు బెంగ పెట్టుకోడు, తవ్వే రోజు దగ్గరపడిందనుకుంటాడు. నాభి తీగ పండినప్పుడూ నేల కింద జరుగుతున్నది అదే.

ఆ జరిగేదేమిటో తెలియాలంటే వెనకటి పల్లెల్లోని పాతరను గుర్తుచేసుకోవాలి. మెట్ట ఊళ్ళలో జొన్నలు పండినప్పుడు ఎత్తు నేల చూసి లోతుగా గొయ్యి తవ్వేవారు. అడుగునా చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు పోసి, పైన మళ్ళీ గడ్డి కప్పి మట్టితో మూసేవారు. పాతర నింపేది పంట చేతికొచ్చినప్పుడే. మూశాక చుక్క నీరు దిగకూడదు, దిగితే గింజ మురిగిపోతుంది. ఒకసారి తెరిచాక అందులోది వాడుకోవలసిందే.

నాభి దుంప అలాంటి పాతర. తేడా ఏమిటంటే, నాభి ఏటా కొత్త పాతర తవ్వుకుంటుంది. తొలకరికి దుంప కొననున్న కన్ను కదులుతుంది. మొలక మట్టిని చీల్చుకుని వచ్చి, ఆకులు విప్పేదాకా పాత దుంపలోని పిండి పదార్థమే దానికి ఆహారం. ఆకులు ఎండకు తెరుచుకున్నాక వాటి సంపాదన మొదలవుతుంది. ఆ సంపాదన మొదట తీగ పెరగడానికి, తరువాత పువ్వుకు, కాయకు పోతుంది. అదే సమయంలో మట్టిలో, మొలక అడుగున, కొత్త దుంప ఊరడం మొదలవుతుంది. పాత పాతర తరిగిపోతూ ఉంటే కొత్త పాతర నిండుతూ ఉంటుంది. తీగ ఎండేనాటికి పాత దుంప గోధుమరంగు పొట్టుగా మిగులుతుంది. దాని పక్కన నిండుగా, నున్నగా, ఆంగ్ల అక్షరం 'వి' ఆకారంలో కొత్త దుంప ఉంటుంది.

ఆ రెండు కొమ్మల కొనల్లో మాత్రమే కళ్ళుంటాయి. బంగాళాదుంపకు ఒళ్ళంతా కళ్ళే కాబట్టి ఎక్కడ ముక్క కోసినా ఒకటో రెండో దొరుకుతాయి. నాభికి ఆ వెసులుబాటు లేదు. కొన విరిగితే ఆ కొమ్మ ఎంత లావుగా ఉన్నా దాదాపు పనికిరానిదే. పైగా ఈ దుంప పెళుసు. తవ్వేటప్పుడు గునపం తగిలినా, లాగినా పుటుక్కున విరుగుతుంది. దుంపను కళ్ళ దగ్గర పట్టుకోకుండా, మధ్య వంపు దగ్గర పట్టుకోవాలని రైతులు చెప్పేది అందుకే.

ఇంకో సంగతి. కొత్త దుంప కొమ్మలు మట్టిలో అడ్డంగా సాగుతాయి కాబట్టి మొలక నిరుటి చోటే రాదు, కాస్త పక్కన వస్తుంది. రెండు కళ్ళూ మొలిస్తే ఒక తీగ ఉన్నచోట రెండు వస్తాయి. నాభి ఏటా కొంచెం నడుస్తుంది. నిరుడు కర్ర పాతిన చోట మొలక రాలేదని తవ్వి చూసి, పక్కన మట్టి కింద లేస్తున్న మొలకను గునపంతో నరికేవాళ్ళుంటారు. ఓపిక పట్టండి.

ఇప్పుడు మన ప్రశ్నకు పూర్తి జవాబు దొరికింది. తీగ పసుపుబారుతున్నదంటే ఆకుల్లో మిగిలిన సారం కిందికి దిగుతోంది, పాతర మూతపడుతోంది. ఈ స్థితిని శాస్త్రజ్ఞులు డార్మెన్సీ అంటారు, మన పాఠ్యపుస్తకాలు సుప్తావస్థ అంటాయి. నేలనిద్ర అంటే సరిపోతుంది. ఈ నిద్రలో వేర్లుండవు, ఆకులుండవు. నీరు తాగే అంగమే లేని దుంప చుట్టూ నీరు చేరితే లాభపడేది బూజులే.

ఇందులోంచే ఇంకో నియమం వస్తుంది. పూలు అయిపోయాయి కదా, చూడ్డానికి బాగాలేదని పచ్చగా ఉన్న తీగను కోసేయకండి. సగం నిండిన పాతరతో అది వచ్చే ఏడు గడ్డి పోచంత మొలకేసి ఊరుకుంటుంది. పూలు జాడీలో పెట్టుకోవాలనుకుంటే పువ్వు, దాని కాడ మాత్రమే కోసుకోండి. ఆకులు తీగకే వదిలేయండి.

ఆకు కొన, వంగిన కీలం

కాకర, దొండ తీగలకు పట్టుకుని పాకడానికి ప్రత్యేకంగా నులితీగలుంటాయి. నాభికి విడిగా ఏ నులితీగా లేదు. దాని ఆకే కొన దగ్గర సన్నబడి, పొడుగై, నులితీగగా మారుతుంది. ఆ కొనకు కొమ్మో, తీగో, పుల్లో తగిలితే చుట్టుకుపోతుంది. చార్లెస్ డార్విన్ 1865లో ప్రచురించిన పాకే మొక్కల అధ్యయనంలో ఆకు కొనతో పాకేవాటికి ఉదాహరణగా గ్లోరియోసాను తీసుకున్నాడు.

మొలక దగ్గరి ఆకులను గమనిస్తే వాటికి ఈ కొక్కెం కనిపించదు. తీగ కాస్త ఎత్తుకెదిగి, తన బరువు తాను మోయలేని స్థితికి వచ్చాకనే ఆకులు కొన సాగదీస్తాయి. అందుకని ఊతం ముందే సిద్ధంగా ఉండాలి. లావు వెదురు బొంగు పాతితే ఆకు కొన దాన్ని చుట్టుకోలేదు. సన్నటి పుల్లలు, చింత బరికెలు, పురికొస వల అయితే పట్టు దొరుకుతుంది. అన్నిటికన్నా మేలు, బతికి ఉన్న పొద పక్కన నాటడం. పొద నీడ దుంప మీద మట్టిని చల్లగా ఉంచుతుంది, తీగ రెండు మూడు మీటర్లు పాకి తల ఎండలో పెడుతుంది. కంచె మీద అది పెరిగే పద్ధతే ఇది.

పువ్వు సంగతికి వస్తే, నేను చూసిన అడవి పూలలో ఇంత తీరిగ్గా నిలబడి చూడదగ్గది ఇంకోటి లేదు. మొగ్గ ఆకుపచ్చగా, తలవంచుకుని ఉంటుంది. విచ్చుకునేటప్పుడు ఆరు రేకలూ వెనక్కి తిరిగి పైకి లేస్తాయి. అంచులు అలలు అలలుగా ఉంటాయి. మొదటి రోజు ఆకుపచ్చ కలిసిన పసుపు. తరువాత కొనల నుంచి ఎరుపు దిగుతుంది. చివరికి పువ్వంతా ఎర్రబడుతుంది. తీగ మీద ఒకేసారి అన్ని ఈడుల పూలూ ఉంటాయి కాబట్టి అన్ని రంగులూ కనిపిస్తాయి.

రేకలు పైకి లేచాక కింద ఆరు కేసరాలు నలుదిక్కులా చాచుకుని ఉంటాయి. వాటి మధ్య ఆకుపచ్చటి అండాశయం వేలాడుతుంది. దాని నుంచి వచ్చే కీలం మాత్రం మొదట్లోనే మడత పడినట్టు వంగి, దాదాపు లంబకోణంలో, పక్కకు పోతుంది. ఏదైనా దెబ్బ తగిలి వంగిందేమో అనిపిస్తుంది. ప్రతి పువ్వూ అంతే. అలా పక్కకు పోవడం వల్ల పుప్పొడిని అందుకోవలసిన కీలాగ్రం, అదే పువ్వులోని పుప్పొడి సంచులకు దూరంగా ఉంటుంది. తన పుప్పొడి తన మీదే పడటం తగ్గి, ఇంకో మొక్క పుప్పొడి రావడానికి దారి ఏర్పడుతుంది.

ఆ పుప్పొడిని తెచ్చేదెవరు? తేనె ఉండేది రేకల మొదట్లో, లోపలి వైపు. దానికోసం సీతాకోకచిలుకలు వస్తాయి. దక్షిణాఫ్రికాలో ఈ మొక్కనే పరిశీలించిన శాస్త్రజ్ఞులు పుప్పొడి సీతాకోకచిలుకల రెక్కల మీద ప్రయాణిస్తోందని 2020లో ప్రకటించారు. చిలుక తేనె తాగుతూ రెక్కలాడిస్తే చాచి ఉన్న కేసరాలు, పక్కకు వంగిన కీలాగ్రం ఆ రెక్కలకే తగులుతాయి. చిన్న చిన్న తేనెపిట్టలు కూడా ఈ పూల దగ్గరికి వస్తాయి.

పెరట్లో ఒకే ఒక్క తీగ ఉంటే పూలు బోలెడు పూసినా కాయ పట్టకపోవడం మామూలే. తమిళనాడులో కరూర్, దిండిగల్, తిరుప్పూర్ జిల్లాల్లోనూ, సముద్రం దగ్గర వేదారణ్యం వైపూ నాభిని గింజల కోసం పొలాల్లో సాగు చేస్తారు. అక్కడ కూలీలు పొద్దున్నే తీగల మధ్య తిరుగుతూ ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వు కీలాగ్రానికి చేత్తో అద్దుతారు. మీరూ అది చేయవచ్చు. వేర్వేరు దుంపల నుంచి వచ్చిన రెండు తీగలు ఉండాలి, చేతికి తొడుగు ఉండాలి.

తొడుగు ఎందుకంటే

నాభి అంతా విషమే. దుంపలోనూ, గింజల్లోనూ విషం మెండు. ఆ విషంలో ముఖ్యమైనది కాల్చిసిన్. మొదట దీన్ని వేరుచేసింది నాభి నుంచి కాదు, ఇందాక చెప్పుకున్న ఐరోపా చుట్టం కాల్చికమ్ నుంచి. 1820లో పెల్టియే, కావెంతూ అనే ఫ్రెంచి రసాయనికులు ఆ పని చేశారు. మలేరియా మందు క్వినైన్‌ను వేరుచేసిందీ ఆ ఏడాదే, వాళ్ళిద్దరే.

శరీరంలో కణం రెండుగా చీలేటప్పుడు ముందు క్రోమోజోములు జంటలవుతాయి. తరువాత సగం ఇటు, సగం అటు లాగబడాలి. లాగడానికి కణం ట్యూబులిన్ అన్న మాంసకృత్తు తునకలను ఒకదానికొకటి అతికించి అతి సన్నని నాళాలు కట్టుకుంటుంది. కాల్చిసిన్ ఆ తునకలకు అంటుకుని వాటిని అతకనివ్వదు. నాళాలు లేవు, లాగడం లేదు, చీలడం లేదు. కణం మధ్యలో ఆగిపోతుంది.

దీన్నిబట్టి విషలక్షణాలను చాలావరకు మనమే ఊహించవచ్చు. శరీరంలో ఎడతెగకుండా చీలే కణాలు ఎక్కడుంటే దెబ్బ అక్కడ. పేగుల లోపలి పొర ముందు దెబ్బతింటుంది, తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు, నీళ్ళ విరేచనాలు మొదలవుతాయి. తరువాతి రోజుల్లో ఎముకల మూలుగలో రక్తకణాల తయారీ పడిపోతుంది. బతికి బయటపడినవాళ్ళకు కొన్నాళ్ళకు జుట్టు రాలిపోతుంది, ఎందుకంటే జుట్టు కుదుళ్ళలోనివీ వేగంగా చీలే కణాలే. చిలగడదుంపో, అడవి దుంపో అనుకుని పొరపాటున వండుకు తిన్నవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్న సందర్భాలు భారతదేశంలోనూ శ్రీలంకలోనూ వైద్యులు నమోదు చేశారు. తిన్నారని అనుమానం వస్తే వాంతులు మొదలయ్యేదాకా చూడకూడదు, దుంప ముక్కను కూడా తీసుకుని వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

అదే కాల్చిసిన్ కొలత తప్పకుండా వాడితే గౌట్ అనే కీళ్ళవాపుకు మందు. వాచిన కీలు వైపు పరుగెత్తే తెల్లరక్తకణాల కదలికను అది తగ్గిస్తుంది. 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గుండెజబ్బు ముప్పు తగ్గించడానికి కూడా దీన్ని స్వల్ప మోతాదులో అనుమతించింది. తమిళనాడు పొలాల్లోని గింజలు పోయేది ఈ మందుల తయారీకే. మందుకూ విషానికీ మధ్య ఎడం ఇందులో చాలా తక్కువ. ఇంట్లో దుంప అరగదీసి వైద్యం చేసుకోవడం ప్రాణాంతకం. ఎవరు చెప్పినా వినకండి.

వృక్షశాస్త్రంలో కూడా దీనికో చరిత్ర ఉంది. 1937లో బ్లేక్స్‌లీ, ఏవరీ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు ఉమ్మెత్త మొదలైన మొక్కల మీద కాల్చిసిన్ ప్రయోగించి, వాటి క్రోమోజోములు రెట్టింపయ్యాయని చూపించారు. కణం చీలకుండా ఆగిపోతే జంటలైన క్రోమోజోములన్నీ ఒకే కణంలో ఉండిపోతాయి కదా. ఈ కిటుకుతో పుట్టినదే గింజలు లేని పుచ్చకాయ. మొదట రెట్టింపు క్రోమోజోముల పుచ్చను తయారుచేసి, దాన్ని మామూలు పుచ్చతో సంకరం చేశారు. పుట్టిన మొక్కలో క్రోమోజోములు మూడేసి ఉంటాయి. మూడింటిని సమంగా రెండు భాగాలు చేయడం కుదరదు కాబట్టి గింజ కట్టదు. మరి నాభి కణాలు తమ విషానికి తామే ఎందుకు ఆగిపోవు? జంతువుల ట్యూబులిన్‌కు అంటుకున్నంత గట్టిగా మొక్కల ట్యూబులిన్‌కు కాల్చిసిన్ అంటుకోదు. జవాబులో కొంత భాగమైనా అక్కడుంది.

ఇంత విషమున్న మొక్కను ఇంట్లో పెంచాలా అన్న ప్రశ్నకు నా అభిప్రాయం సూటిగా చెబుతాను. దొరికినదల్లా నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లో వద్దు. దూడలు, మేకలు తిరిగే పెరట్లో, మట్టి తవ్వే కుక్కపిల్ల ఉన్నచోట వద్దు. మిగతావాళ్ళు గన్నేరును, ఉమ్మెత్తను పెంచుతున్న జాగ్రత్తతోనే దీన్నీ పెంచవచ్చు. దుంప, గింజ ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పెరట్లో కూరదుంపల మడి ఉంటే నాభిని దానికి దూరంగా, పేరు రాసిన పలక పెట్టి నాటాలి. తవ్వి తీసిన దుంపలను వంటింటి గడప లోపలికి తేకూడదు.

పెరట్లో నాభి ఏడాది

నాటడానికి మంచి అదను మృగశిర కార్తె అటూ ఇటూ. సాగులో 50 నుంచి 60 గ్రాముల దుంపలను ఎంచుకుంటారు. చిన్న దుంప మొలుస్తుంది గానీ ఆ ఏడు పూయకపోవచ్చు. కళ్ళు చెక్కుచెదరకుండా ఉన్నదాన్ని చూసి కొనండి.

ఎర్ర నేల, ఇసుక కలిసిన నేల అయితే పెద్దగా చేయవలసిందేమీ లేదు. నల్లరేగడిలో మాత్రం నాభి నిలవదు. వానకు ఉబ్బి, తడిని రోజుల తరబడి పట్టుకునే ఆ మట్టిలో దుంప కుళ్ళిపోతుంది. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాదు రేగడి నేలల్లో ఉన్నవాళ్ళు ఎత్తుగా మడి కట్టి ఇసుక, ఎర్రమట్టి, చివికిన ఎరువు కలిపి నింపుకోవాలి, లేదా కుండీకి మారాలి. కుండీ అడుగెత్తు, అడుగు వెడల్పుకు తగ్గకూడదు, అడుగున చిల్లులు ధారాళంగా ఉండాలి. దుంపను నిలబెట్టకుండా పడుకోబెట్టి, పైన మూడు నాలుగు అంగుళాల మట్టి కప్పండి. ఒక్కసారి తడిపి, మొలక కనిపించేదాకా మట్టి కాస్త చెమ్మగా ఉంటే చాలు.

మొలక ఎప్పుడొస్తుందన్నది దుంపను బట్టి. ఒకే రోజు నాటిన రెండు దుంపల్లో ఒకటి మూడు వారాలకే లేస్తే, ఇంకోటి ఆలస్యం చేయవచ్చు. లేచాక పెరుగుదల చాలా వేగం. ఈ దశలోనే నాభి నీళ్ళు బాగా తాగుతుంది. వాన లేని వారం మట్టి ఆరనివ్వకండి. పిడికెడు వర్మికంపోస్టు నెలకోసారి వేస్తే సరిపోతుంది. యూరియా వేస్తే ఆకే తప్ప పువ్వు పెరగదు, లేత తీగకు చీడలూ ఎక్కువవుతాయి.

చీడల్లో ఒకదాన్ని ప్రత్యేకంగా చెప్పాలి. పోలిటెలా గ్లోరియోసే అనే రాత్రి చిమ్మెట ఈ మొక్క మీద గుడ్లు పెడుతుంది. పేరులోనే గ్లోరియోసా ఉంది. నలుపు మీద తెలుపు, ఎరుపు చుక్కలున్న దాని గొంగళిపురుగులు గుంపులుగా చేరి ఆకులను కొక్కెంతో సహా తినేస్తాయి. మనుషులను చంపే విషం ఆ పురుగులను ఏమీ చేయలేదు. రోజూ పొద్దున ఆకు అడుగు తిప్పి చూసి, తొడుగు వేసుకున్న చేత్తో ఏరేయడమే నేను చెప్పే మందు. ఒకటి రెండు పురుగులైతే వదిలేయమని కూడా అంటాను. మన నేల మీద ఈ మొక్క ఎంత పాతదో ఆ చిమ్మెటా అంత పాతదే, దానికీ బతకడానికి ఆకులు కావాలి. మరీ మీద పడితే వేపనూనె ఆకులు తడిసేలా చల్లండి.

తెలంగాణలో, ఉత్తర కోస్తాలో పూలు శ్రావణం, భాద్రపదాల్లో మొదలై ఆశ్వయుజం దాకా సాగుతాయి. నెల్లూరు, తిరుపతి వైపు ఉన్నవాళ్ళు ఇక్కడ జాగ్రత్తపడాలి. అటువైపు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి. తీగ పసుపుబారి పాతర మూసుకునే సమయానికే తుపానులు వస్తాయి. కుండీని చూరు కిందికి జరపడం, మడి చుట్టూ నీరు పోయే కాలువ తీయడం అక్కడ తప్పనిసరి.

ఆకులు పసుపుబారడం మొదలయ్యాక నీళ్ళు తగ్గించండి. తీగ గోధుమరంగుకు మారాక పూర్తిగా ఆపండి. ఎండిన కాడను లాగకండి, దుంప కన్ను ఊడి వస్తుంది. కత్తెరతో నేల మట్టానికి కోయండి. ఇసుక నేలలో దుంపను ఎక్కడున్నదక్కడే వదిలేయవచ్చు. రేగడిలో, వానకు తడిసే కుండీలో ఉంటే తవ్వి, నీడలో ఆరబెట్టి, పొడి ఇసుకలో పేర్చి, డబ్బా మీద విషమని రాసి తాళమేసే చోట పెట్టండి. మళ్ళీ మృగశిర దాకా దానితో పని లేదు. వేసవిలో పక్క మొక్కలకు పట్టే పైపు నీళ్ళు ఆ మూలకు చేరకుండా చూడండి.

గింజ నుంచి పువ్వు దాకా

కాయ పొడుగ్గా, మూడు అరలుగా ఉంటుంది. ఎండి పగిలినప్పుడు లోపల గుండ్రటి ఎర్ర గింజలు బయటపడతాయి. పిల్లల కన్ను వాటి మీద పడకముందే కోసుకోవాలి. పైనున్న ఎర్రటి పొరను రుద్ది తీసేసి, ఒకటి రెండు రోజులు నానబెట్టి, ఇసుక కలిపిన మట్టిలో చల్లితే మొలుస్తాయి. అన్నీ ఒకేసారి రావు, కొన్ని వారాల్లో, కొన్ని నెలల్లో వస్తాయి. మొదటి ఏడాది నాలుగాకులు వేసి, చిన్న దుంప కట్టుకుని నిద్రపోతాయి. రెండో ఏడు ఇంకాస్త పెద్ద దుంప. పువ్వు చూడాలంటే మూడు నాలుగేళ్ళు పడుతుంది.

ఈ ఆలస్యం వల్లే చాలామంది దుంపకే మొగ్గుతారు. మార్కెట్లో అమ్మే దుంపలన్నీ పొలంలో పెరిగినవి కావు. మందుల కోసం, నాటడం కోసం అడవుల్లో, గట్ల మీద తవ్వి తెచ్చినవి కూడా ఉంటాయి. ఒక పువ్వు కోస్తే మొక్కకు పోయేదేమీ లేదు. దుంప తవ్వితే మాత్రం ఆ చోట ఇక నాభి ఉండదు. ఎక్కడో పడిన గింజ మొలిచి ఆ ఖాళీ నిండాలన్నా మళ్ళీ నాలుగేళ్ళు కావాలి. ఈలోగా ఆ దుంప మన కుండీలో తొలి వానాకాలానికే కుళ్ళిపోయి ఉండవచ్చు కూడా.

కొనేటప్పుడు ఇది ఎక్కడ పెరిగిందని అడగండి. సాగు చేసినదని చెప్పలేకపోతే కొనకండి. పెంచుతున్న స్నేహితులుంటే ఏటా వాళ్ళ దగ్గర దుంపలు రెండింతలవుతూ ఉంటాయి, ఒకటి అడిగి తెచ్చుకోండి. మీ దగ్గర పెరిగినప్పుడు మీరూ ఒకటి ఇవ్వండి, ఇచ్చేటప్పుడు విషమని నోటితో చెప్పి, చీటీ మీద రాసి ఇవ్వండి. ఊరి బయట కంచె మీద పూసినప్పుడు ఫొటో తీసుకోండి, కాయ ముదిరాక యజమానిని అడిగి నాలుగు గింజలు తెచ్చుకోండి. గునపం మాత్రం ఇంట్లోనే వదిలి వెళ్ళండి.